నెట్‌హ్యాక్‌లో బాకులు, బాణాలు: ఎక్కడ నిలబడాలి, ఎలా విసరాలి, ఎలా ఏరుకోవాలి

నెట్‌హ్యాక్ అనేది భూగర్భ అంతస్తుల్లోకి దిగుతూ, గడి గడికీ, వంతులవారీగా ఆడే కంప్యూటర్ ఆట. దాన్ని కొత్తగా ఆడేవారు సాధారణంగా చేతిలోని కత్తినే నమ్ముకుంటారు. ఎదురైన ప్రతి ప్రాణి పక్క గడిలోకీ నడిచి వెళ్లి, ఎవరి హిట్ పాయింట్లు ముందు అయిపోతాయో తేలేదాకా కొట్టుకుంటూ ఉంటారు. మొదటి రెండు మూడు అంతస్తుల్లో ఇలా నెట్టుకు రావచ్చు. ఆపై అంతస్తుల్లో తాకగానే రాయిగా మార్చేవీ, తాకినవారిని కదలకుండా కట్టిపడేసేవీ, దగ్గరకు వచ్చి వస్తువులు ఎత్తుకుపోయేవీ ఎదురవుతాయి. వాటితో పక్కన నిలబడి పోరాడటం ప్రాణాపాయం. విసిరే ఆయుధాలూ విల్లంబులూ అక్కడే అక్కరకొస్తాయి. 1987లో మొదటిసారి విడుదలైన ఈ ఆటలో దూరం నుంచి పోరాడే విద్యకు చాలా లోతైన లెక్కలు ఉన్నాయి. ఇక్కడ చెప్పేవి 2003 నాటి 3.4.3 కూర్పుకూ, 2015లో మొదలైన 3.6 శ్రేణికీ వర్తిస్తాయి. తేడా ముఖ్యమైన చోట ఆ సంగతి విడిగా చెబుతాను.

ఎన్నో ఆటలు ఆడిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. దూరపు పోరులో గెలుపు ఆయుధం బలం మీద కంటే మనం నిలబడిన గడి మీద, విసిరినదాన్ని తిరిగి ఏరుకునే ఓపిక మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే ముందుగా గడుల సంగతి.

గీత

బాణమైనా, బాకైనా, రాయైనా ఎనిమిది దిక్కుల్లోనే వెళ్తుంది: అడ్డంగా, నిలువుగా, లేదా మూలకు మూలగా. శత్రువు ఈ ఎనిమిది గీతల్లో ఒకదాని మీద లేకపోతే ఎంత గొప్ప విలుకాడైనా అతన్ని కొట్టలేడు. చదరంగంలో గుర్రం దూకే గడి ఉంటుంది కదా, అంటే రెండు గడులు ఒకవైపు, ఒక గడి పక్కకు. అక్కడ నిలబడిన శత్రువు మనకు ఎంత దగ్గరగా ఉన్నా మన బాణానికి అందడు. కాబట్టి గదిలోకి అడుగుపెట్టి శత్రువును చూడగానే విసిరే మీట నొక్కకూడదు. ముందు మన గడి నుంచి అతని గడికి మనసులో గీత గీసి చూడాలి. గీత కుదరకపోతే ఒక అడుగు పక్కకు వేస్తే సాధారణంగా కుదురుతుంది, లేదా అతనే నడిచి వచ్చి గీత మీద పడేదాకా ఆగాలి.

ఈ విషయంలో యూనికార్న్‌ను మించిన గురువు లేదు. అది మన గీత మీదకు రాకుండా పనిగట్టుకుని తప్పుకుంటూ, గుర్రం గడుల్లోనే మెలుగుతుంది. దాన్ని గీత మీదకు తెచ్చుకోవడం నేర్చుకున్నవారికి మిగతా ప్రాణులన్నీ సులువుగా కనిపిస్తాయి.

అయితే గీత రెండువైపులా పనిచేస్తుంది. మనం బాణం వేయగల గడి నుంచి శత్రువు కూడా మన మీద బాణమో, డార్టో, మంత్రదండపు మెరుపో వదలగలడు. డార్టులు విసిరే కోబోల్డులూ, క్రాస్‌బో పట్టిన గ్నోములూ, దండాలు పట్టిన సైనికులూ మనల్ని గీత మీద చూడగానే దాడి మొదలుపెడతారు. దూరపు ఆయుధం ఉన్న శత్రువుతో మనం కూడా దూరం నుంచే పోటీ పడటం అన్నిసార్లూ మంచిది కాదు. గీత తప్పించుకుంటూ దగ్గరకు చేరి కత్తితో ముగించడమే మేలైన సందర్భాలు చాలా ఉన్నాయి.

గీతకు అత్యంత అనుకూలమైన చోటు ఇరుకు నడవా. నడవాలో వెనక్కు వెళ్లి నిలబడితే శత్రువులు ఒకరి వెనుక ఒకరుగా ఒకే వరుసలో రాక తప్పదు. ముందువాడు చనిపోతే అదే వంతులో ఎగిరిన మిగతా బాకులు ముందుకు సాగి వెనుకవాడికి తగిలే అవకాశం కూడా అక్కడ ఉంటుంది. నడవా మెలిక తిరిగే చోట మాత్రం నిలబడవద్దు. మనకు కనిపించేది ఒకటి రెండు గడులే అవుతుంది.

మీటలు

విసరడానికి టి మీట, పేల్చడానికి ఎఫ్ మీట. టి నొక్కితే ఏ వస్తువు విసరాలో ప్రతిసారీ అడుగుతుంది. ఎఫ్ నొక్కితే అమ్ములపొదిలో ఉన్నదాన్నే తీసుకుని దిక్కు మాత్రం అడుగుతుంది. కాబట్టి ఆట మొదట్లోనే షిఫ్ట్‌తో క్యూ నొక్కి, బాకుల కట్టనో బాణాల కట్టనో పొదిలో పెట్టుకోవాలి. తొందరలో టి నొక్కి, పొరపాటు అక్షరంతో చేతిలోని ఒకే ఒక్క మంచి కత్తిని విసిరేసే ప్రమాదం దీనితో తప్పుతుంది. విల్లు వాడేవారు డబ్ల్యూతో విల్లును చేతబట్టాలి. ఎక్స్ మీట చేతిలోని ఆయుధాన్నీ రెండో ఆయుధాన్నీ తారుమారు చేస్తుంది కనుక, విల్లునూ కత్తినీ ఆ రెండు స్థానాల్లో ఉంచుకుంటే శత్రువు మీదపడినప్పుడు ఒక్క మీటతో కత్తి చేతికి వస్తుంది. ఆ మార్పుకు ఒక వంతు ఖర్చవుతుందని గుర్తుంచుకోవాలి. శత్రువు పక్క గడికి చేరక ముందే మార్చుకోవాలి.

ఎఫ్‌కు ముందు అంకె కొడితే ఆ అంకెకు మించి ఆయుధాలు ఎగరవు. ఈ చిన్న సౌకర్యాన్ని చాలామంది పట్టించుకోరు. దాని విలువ నాకు ఎలా తెలిసిందో తరువాత చెబుతాను.

ఏ ఆయుధం

విసిరే ఆయుధాల్లో బాకుదే అగ్రస్థానమని నా దృఢమైన నమ్మకం. దెబ్బ లెక్కలో మామూలు బాకు చిన్నది, నాలుగు ముఖాల పాచిక మాత్రమే. అయినా దానికి విల్లు అక్కర్లేదు, విసిరితే గురికి అదనపు బలం ఉంటుంది, మన శారీరక బలం వల్ల వచ్చే అదనపు దెబ్బ దానికి కలుస్తుంది, అన్నిటికీ మించి అది తగిలినా విరగదు. బాకులు ఆటంతా దొరుకుతూనే ఉంటాయి. గ్నోముల గనుల్లో చనిపోయిన గ్నోముల దగ్గరా, కొండ ఓర్కుల దగ్గరా దొరికేవాటిని ఏరుకుంటూ వెళ్తే ఏడెనిమిది బాకుల కట్ట త్వరలోనే తయారవుతుంది. ఒక్కొక్కటి బరువు 10, కాబట్టి పది బాకులు కూడా మోయలేని బరువేమీ కాదు. అయితే మాయాబలం (+1, +2 లాంటి అంకె), శాపం లేదా ఆశీర్వాదం, తుప్పు అన్నీ ఒకేలా ఉన్న బాకులే ఒక కట్టగా కలుస్తాయి. రెండు మూడు చిన్న కట్టలుగా విడిపోతే వరుస దెబ్బల లాభం పోతుంది.

బాణాలకు విల్లు, క్రాస్‌బో బోల్టులకు క్రాస్‌బో, రాళ్లకూ రత్నాలకూ వడిసెల కావాలి. విల్లు చేతిలో లేకుండా బాణాన్ని చేత్తో విసిరితే గురి 4 తగ్గుతుంది, దూరం సగమవుతుంది, దెబ్బ దాదాపు ఏమీ ఉండదు. విల్లుతో శత్రువును మోదినా అంతే. విల్లుకున్న మాయాబలం గురికి మాత్రమే కలుస్తుంది. బాణానికున్న మాయాబలం గురికీ దెబ్బకూ రెండింటికీ కలుస్తుంది. అందుకే మాయాబలం పెంచే మంత్రపత్రం విల్లు మీద చదవడం కంటే బాణాల మీద చదవడమే లాభం. విల్లు వాడేటప్పుడు గాంట్లెట్స్ ఆఫ్ పవర్ అనే చేతితొడుగులు వేసుకుంటే గురి 2 తగ్గుతుందన్నది కూడా విలుకాళ్లు మరచిపోకూడదు. వడిసెలలో మన బలం దెబ్బకు కలుస్తుంది కాబట్టి బలమైన కేవ్‌మన్‌కు అది తగిన ఆయుధమే (కేవ్‌మన్, రోగ్, సమురాయ్, రేంజర్, టూరిస్టు వంటివి ఆట మొదట్లో మనం ఎంచుకునే పాత్రలు). అయితే రాళ్ల కోసం నేల మీద బూడిదరంగు రాళ్లను చూసీ చూడకుండా ఏరుకోవద్దు: వాటిలో లోడ్‌స్టోన్ ఒకటుంటే దాని బరువు 500, శాపం ఉంటే వదిలించుకోనూ లేము. ముందు కాలితో తన్ని చూస్తే మామూలు రాయి జరుగుతుంది, లోడ్‌స్టోన్ కదలదు.

డార్టులు తేలికైనవి, మొదట్లో టూరిస్టుకు ప్రాణాధారం. షురికెన్ అనే విసురు చక్రం దెబ్బ పెద్దదే కానీ దొరకడం అరుదు. బూమరాంగ్ వంకరగా తిరుగుతుంది కనుక గీత లెక్కకు లొంగదు. దాని మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు.

వరుస దెబ్బలు

దూరపు ఆయుధాల అసలు బలం ఒకే వంతులో ఒకటికి మించి ఎగరడంలో ఉంది. లెక్క ఇలా సాగుతుంది. మూలసంఖ్య 1. ఆ ఆయుధంలో మన నైపుణ్యం (బేసిక్, స్కిల్డ్, ఎక్స్‌పర్ట్ అనేవి దాని మెట్లు) స్కిల్డ్ అయితే 1 కలుస్తుంది, ఎక్స్‌పర్ట్ అయితే 2 కలుస్తుంది. రోగ్ బాకు విసిరితే ఇంకో 1, సమురాయ్ యుమి విల్లుతో యా బాణాలు వేస్తే ఇంకో 1, రేంజర్‌కు ఇంకో 1. ఎల్ఫ్ జాతివారు ఎల్ఫ్ విల్లుతో ఎల్ఫ్ బాణాలు వేస్తే మరో 1 ఉంటుంది, ఓర్కులకూ వారి విల్లంబులతో అలాగే. అలా వచ్చిన మొత్తం మీద పాచిక పడుతుంది. ఎక్స్‌పర్ట్ రోగ్‌కు మొత్తం 4 కనుక ఒక్కో వంతులో 1 నుంచి 4 బాకుల దాకా, సగటున రెండున్నర బాకులు ఎగురుతాయి. ఎక్స్‌పర్ట్ ఎల్ఫ్ రేంజర్ తన జాతి విల్లంబులతో ఒక వంతులో 5 బాణాల దాకా వేయగలడు. మతి తప్పిన స్థితిలోనో, దిమ్మ తిరిగిన స్థితిలోనో ఉన్నప్పుడు ఈ లాభమేదీ ఉండదు. 3.6 శ్రేణిలో విజార్డుకూ ప్రీస్టుకూ దీన్ని కొంత తగ్గించారు, అయినా విజార్డు చేతిలో బాకుల కట్ట మంచి ఆయుధమే.

నైపుణ్యం పెరగాలంటే తగిలిన దెబ్బలు లెక్కకు రావాలి. బేసిక్ నుంచి స్కిల్డ్‌కు చేరడానికి మొత్తం 80, ఎక్స్‌పర్ట్‌కు చేరడానికి మొత్తం 180 పాయింట్లు కావాలి; సాధారణంగా తగిలిన ఒక్కో దెబ్బకు ఒక పాయింటు వస్తుంది. దానితోపాటు స్కిల్డ్‌కు 2, ఎక్స్‌పర్ట్‌కు 3 నైపుణ్య స్థానాలు ఖర్చవుతాయి, ఒక్కో అనుభవ స్థాయికీ ఒక్కో స్థానం దొరుకుతుంది. అర్హత వచ్చినప్పుడు ఆట ఒక సందేశం చూపిస్తుంది కానీ తనంతట తాను పెంచదు. ఎన్‌హాన్స్ ఆజ్ఞ మనమే ఇవ్వాలి. ఆ సందేశం చూసి కూడా ఎన్‌హాన్స్ చేయకుండా వేల వంతులు ఆడేసినవారిని చూశాను, అది చాలా బాధ కలిగించే నష్టం. రోగ్, రేంజర్, వల్కిరీ, విజార్డు బాకులో ఎక్స్‌పర్ట్ దాకా వెళ్లగలరు. సమురాయ్ బాకులో బేసిక్ దగ్గరే ఆగిపోతాడు, విల్లులో ఎక్స్‌పర్ట్ అవుతాడు. అందుకే అతను తన యుమిని మొదటి అంతస్తులోనే పక్కన పడేయడం తగదు.

దూరం

ఎంత దూరం విసరగలం అన్నది బలాన్ని బట్టి ఉంటుంది. బలం 18 ఉన్నవాడు బాకును 9 గడుల దాకా విసరగలడు. కానీ దూరం విసరగలగడం వేరు, తగలడం వేరు. శత్రువు 3 గడుల దూరంలో ఉంటే గురి యథాతథంగా ఉంటుంది. అంతకంటే దగ్గరైతే గడికి ఒకటి చొప్పున పెరుగుతుంది, దూరమైతే ఒకటి చొప్పున తగ్గి, 7 గడుల దగ్గర 4 తగ్గుదలతో ఆగుతుంది. చురుకుదనం 14 దాటితే ప్రతి అంకెకూ గురి ఒకటి పెరుగుతుంది. కాబట్టి తొలి స్థాయిల్లో, అందులోనూ విరిగిపోయే బాణాలు కాక బాకులే వాడేటప్పుడు, శత్రువు పక్క గడిలో ఉన్నా విసరడం మానక్కర్లేదు. నైపుణ్యం పెరిగిన రోగ్ పక్కనున్న శత్రువు మీద కూడా బాకులు విసురుతాడు. చేత్తో పొడిస్తే ఒక దెబ్బ, విసిరితే మూడు నాలుగు దెబ్బలయ్యే అవకాశం.

ఒక ఉదాహరణ దగ్గర నుంచి చూద్దాం. గనుల్లో మ్యాటక్ అనే పెద్ద గుద్దలి పట్టుకున్న మరుగుజ్జు ఒకడు మనకు ఆరు గడుల దూరంలో, సరిగ్గా అడ్డగీత మీద కనిపించాడు. అతని మ్యాటక్ దెబ్బ పన్నెండు ముఖాల పాచిక; రెండు మూడు దెబ్బల్లో కొత్త పాత్ర చనిపోగలదు. అయితే మరుగుజ్జు వేగం 6, మన వేగం 12. అతను ఒక అడుగు వేసేలోపు మనకు సగటున రెండు వంతులు వస్తాయి. పక్క గడికి చేరడానికి అతనికి ఐదు అడుగులు కావాలి, అంటే మనకు దాదాపు పది వంతులు. మన దగ్గర ఆరు బాకులుంటే, వంతుకు ఒకటే విసిరినా, ఆరూ వదిలిన తరువాత కూడా అతను ఇంకా పక్కకు చేరడు. ఆయుధాలు అయిపోతే వెనక్కు నడవవచ్చు, మన అడుగును అతను అందుకోలేడు. ఇదే మరుగుజ్జును కత్తితో ఎదుర్కోవడానికి ముందుకు నడిస్తే ఆ పది వంతులూ మనమే వదులుకున్నట్లు.

ఎవరి మీద తప్పక వాడాలి

నీలం రంగు ఇంగ్లిష్ ‘e’ అక్షరంగా కనిపించే ఫ్లోటింగ్ ఐ అనే ప్రాణి గురించి ప్రతి ఆటగాడికీ చెప్పాలి. దాన్ని చేతి ఆయుధంతో కొడితే అది మనల్ని చాలా వంతులపాటు కదలకుండా చేసేయగలదు. ఆలోగా దారినపోయే ఎలుక కూడా మనల్ని చంపేయగలదు. దాని వేగం మాత్రం 1. రెండు మూడు గడుల దూరంలో గీత మీద నిలబడి, ఉన్నవన్నీ విసిరి, ఏరుకోవడం కుదరకపోతే మరో వైపు నుంచి రాళ్లయినా విసిరి చంపాలి. దాని కళేబరం తింటే మనోదృష్టి (ఇతర ప్రాణుల మనసులను పసిగట్టే శక్తి) వస్తుంది, ఆ శ్రమ వృథా కాదు. అయితే బాకులన్నీ దాని కిందే పడి ఉన్నప్పుడు, వాటి కోసం ఆ గడిలోకి అడుగుపెట్టే ప్రయత్నం కూడా దాడిగానే మారుతుందని గుర్తుంచుకోవాలి.

తాకితే రాయిగా మార్చే కాకట్రిస్, తాకినవారిని చలితో దెబ్బతీసే బ్లూ జెల్లీ, ఆయుధాన్ని తుప్పు పట్టించేవి, వస్తువులు దొంగిలించే నింఫ్, బంగారం ఎత్తుకుపోయే లెప్రికాన్: ఇవన్నీ దూరం నుంచే ముగించవలసినవి. బ్లూ జెల్లీ అసలు కదలదు కనుక దాన్ని వదిలేసి వెళ్లడం కూడా సరైన నిర్ణయమే. సోల్జర్ యాంట్ అనే చీమ వంటి వేగం గలవాటి మీద మాత్రం దూరం మనకు ఎక్కువ వంతులు ఇవ్వదు. అక్కడ మెట్ల మీదో, నడవాలోనో నిలబడి పోరాడాలి. నేల మీద చాలా ప్రాణులు భయపడే ఎల్బెరెత్ అనే మాట రాసి దాని మీద నుంచి బాణాలు వేసే పాత పద్ధతి 3.4.3లో చక్కగా పనిచేసేది. 3.6లో ఆ రాత మీద నిలబడి దాడి చేస్తే రాత చెరిగిపోతుంది.

విషం, శాపం, దారితప్పిన బాణం

విషం పూసిన బాణం లేదా డార్టు తగిలితే, విషాన్ని తట్టుకోలేని శత్రువు పదింట ఒక వంతు అవకాశంతో అక్కడికక్కడే చనిపోతాడు, లేకపోతే ఆరు ముఖాల పాచిక దెబ్బ అదనంగా కలుస్తుంది. సిక్‌నెస్ కషాయంలో కట్టను ముంచితే మొత్తం కట్టకూ విషం పడుతుంది. అయితే సమురాయ్‌కూ, ధర్మపక్షాన ఉన్న ఇతర పాత్రలకూ విషాయుధం వాడితే దైవం దగ్గర పేరు తగ్గుతుంది. శాపం ఉన్న ఆయుధం విసిరితే ఏడింట ఒకసారి చేయి జారి దిక్కు తప్పుతుంది. అలాంటి కట్టను శాపం తీసేదాకా పక్కన పెట్టడం మంచిది.

అంకె సంగతి చెబుతానన్నాను. ఒకసారి నా సమురాయ్ గనుల్లోని ఊరిలో ఒక శత్రు మరుగుజ్జు మీద బాణాలు వదిలాడు. మొదటి బాణానికే మరుగుజ్జు చనిపోయాడు. అదే వంతులో బయలుదేరిన రెండో బాణం ఖాళీ గడి దాటి వెళ్లి, వెనుక వీధిలో నడుస్తున్న శాంతంగా ఉన్న కాపలాదారుకు తగిలింది. కాపలావాళ్లంతా ఒక్కసారిగా శత్రువులయ్యారు, ఆ ఊరి గుడినీ దుకాణాలనీ నేను ఇక వాడుకోలేకపోయాను. ఒక వంతులో ఎగిరే బాణాలు ఒక్కొక్కటీ విడివిడిగా దారి వెతుక్కుంటాయి, ముందున్నవాడు చనిపోయినా ఆగవు. గీత వెనుక దుకాణదారు, పూజారి, కాపలాదారు, పెంపుడు కుక్క ఎవరున్నా ఎఫ్‌కు ముందు 1 కొట్టి ఒక్కటే వేయాలి, లేదా గీత మార్చుకోవాలి.

ఏరుకోవడం

తగలని బాణం విరగదు. తగిలిన బాణం, డార్టు, షురికెన్ విరిగిపోవచ్చు. మాయాబలం లేనిది మూడింట రెండు వంతులు విరుగుతుంది, +1 ఉంటే సగం, +2 లేదా అంతకు మించి ఉంటే నాలుగింట ఒక వంతు మాత్రమే. తుప్పు పడితే ఇంకా ఎక్కువ విరుగుతాయి, ఆశీర్వాదం ఉంటే తక్కువ. కాబట్టి బాణాల కట్టను చేతబట్టి ఎన్‌చాంట్ వెపన్ పత్రాన్ని రెండుసార్లు చదవడం దెబ్బ కోసం మాత్రమే కాదు, బాణాల ఆయుష్షు కోసం కూడా. బాకుల కట్టను కూడా ఇలాగే చేతబట్టి చదివితే కట్టలోని ప్రతి బాకుకూ బలం వస్తుంది. +5 దాటిన ఆయుధం మీద మాత్రం చదవవద్దు, మొత్తం కట్ట ఆవిరయ్యే అవకాశం ఎక్కువ.

పోరు ముగియగానే విసిరిన దిక్కులో గీత చివరిదాకా నడవాలి. తగిలినవీ తప్పినవీ శత్రువు నిలబడిన గడిలో, అతను చనిపోయాక అదే వంతులో ఎగిరినవి ఆ గడి వెనుక పడి ఉంటాయి. 3.6లో పికప్ థ్రోన్ అనే ఐచ్ఛికం ఉంది. ఆటోపికప్‌తో కలిపి దాన్ని పెట్టుకుంటే మనం విసిరినవాటి మీద అడుగు వేయగానే అవి చేతికొస్తాయి. నీటి మీదుగా విసరవద్దు, తప్పినవి మునిగిపోతాయి. వస్తువులు పోగుచేసే ప్రాణులు ఉన్నచోట ఏరుకోవడం ఆలస్యం చేయవద్దు: మరుగుజ్జులూ ఓర్కులూ నేల మీది బాకులను ఎత్తుకుని, తరువాత వాటినే మన మీద విసురుతారు. ఒకే శత్రువు మిగిలి ఉండి మన పొది ఖాళీ అయినప్పుడు, అతన్ని ముందు బాకులు పడిన చోటు నుంచి దూరంగా మన వెంట నడిపించి, చుట్టు తిరిగి వచ్చి ఆ గడిలో ఒక వంతు ఖర్చు పెట్టి కట్టను ఎత్తుకుని, మళ్లీ గీత చూసుకుని నిలబడాలి.